పాతికేళ్ళ సెలవులు ఒక్కసారే కొనుక్కోవాలా?

మీకూ ఆ ఫోను వచ్చే ఉంటుంది. "మేడమ్, మీ నెంబరుకు లక్కీ డ్రాలో బహుమతి వచ్చింది. ఆదివారం మీరూ, సారూ కలిసి హోటలుకు వస్తే చాలు. గిఫ్టు ఇస్తాం, టీ టిఫినూ మాదే" అంటుంది అవతలి అమ్మాయి ఎంతో మర్యాదగా. దంపతులిద్దరూ కలిసి రావాలన్నది ఒక్కటే షరతు. వెళ్తే రెండు గంటలు కూర్చోబెడతారు. కొండల మీద మంచు, టీ తోటలు, ఈతకొలనులో కేరింతలు కొట్టే పిల్లలు... అన్నీ పెద్ద టీవీలో చూపిస్తారు. చివర్లో ఒక కాగితం మీద అంకె రాసి మన ముందుకు జరుపుతారు. ఆ అంకె లక్షల్లో ఉంటుంది. "ఏడాదికో వారం చొప్పున పాతికేళ్ళు మీకు సెలవులు ఖాయం. ఈ డిస్కౌంటు మాత్రం ఈ రోజుకే" అంటారు.

దీన్నే టైమ్‌షేర్ అనీ, హాలిడే మెంబర్‌షిప్ అనీ అంటున్నారు. తీసుకోవచ్చా, వద్దా? హాయిగా తిరిగొస్తున్నాం అనేవాళ్ళూ ఉన్నారు, అనవసరంగా ఇరుక్కున్నాం అనేవాళ్ళూ ఉన్నారు. హోటలు హాల్లో ఏసీ కింద కూర్చుని ఆలోచిస్తే ఇది తేలే విషయం కాదు. మన ఊళ్ళో, మన గుమ్మంలో నిలబడి చూస్తేనే తేలుతుంది. అందుకే ఈసారి మిమ్మల్ని మున్నారుకో, ఊటీకో కాదు, తెనాలి పక్కన ఉన్న చుండూరుకు తీసుకెళ్తున్నాను. రండి.

చుండూరు దారిలో

తెనాలిలో బాపట్ల వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కి, సంచులు సర్దుకుని కూర్చునేలోపే చుండూరు స్టేషను వచ్చేస్తుంది. ఒక చిన్న చిట్కా. రైల్వేవాళ్ళు ఈ పేరును ఇంగ్లీషులో 'టి' అక్షరంతో మొదలుపెడతారు. టైం టేబుల్లో 'సి' కింద వెతికి, ఇక్కడ స్టేషనే లేదనుకునేరు! ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ నుంచి బాపట్ల జిల్లాలోకి వచ్చింది.

ఇదంతా కృష్ణా పశ్చిమ డెల్టా. ప్రకాశం బ్యారేజీ దగ్గర వదిలిన నీళ్ళు కాలవల్లో ప్రయాణం చేసి ఈ పొలాలకు చేరతాయి. సంక్రాంతి రోజుల్లో వెళ్ళారా, చూడ ముచ్చటగా ఉంటుంది. వరి కోత అయిపోయి, కళ్ళాల్లో గడ్డివాములు లేచి ఉంటాయి. వరి మోళ్ళ మధ్య మాగాణి మినుము పచ్చగా పరుచుకుని ఉంటుంది. పొలం గట్ల మీద తాటిచెట్లు, కాలవ రేవులో బట్టలు ఉతికే చప్పుడు. మోదుకూరు, వలివేరు ఎటు వెళ్ళినా ఇదే దృశ్యం.

ఈ ఊరి పేరు బయటివాళ్ళకు ఇంకో విధంగా కూడా తెలుసు. 1991 ఆగస్టు 6న ఇక్కడ ఎనిమిది మంది దళితులను చంపేశారు. వాళ్ళ సమాధులున్న చోటును రక్తక్షేత్రం అంటారు. ఒక ఊరిని చూడడమంటే పచ్చటి పొలాలు మాత్రమే చూసి రావడం కాదు గనుక, అక్కడ ఒక్క నిమిషం నిలబడి ముందుకు వెళ్దాం.

ఈ ఊళ్ళో వరసకు నాకు తమ్ముడు, మరదలు ఉన్నారు. తమ్ముడు స్కూలు టీచరు. రెండెకరాల సొంత పొలం ఉంది. అమ్మాయి పదో తరగతి, అబ్బాయి ఎనిమిది. అత్తగారు వాళ్ళ దగ్గరే ఉంటుంది. వాళ్ళకూ అలాంటి ఫోను వచ్చింది, మీటింగుకు వెళ్ళొచ్చారు, కాగితాలు ఇంటికి తెచ్చుకున్నారు. సంతకం మాత్రం ఇంకా పెట్టలేదు.

"ఏంది వదినా, పెళ్ళయి పదహారేళ్ళయింది. తిరపతి, విజయవాడ తప్ప ఇంకో ఊరు చూడలా. ఈ వంకతోనన్నా ఏడాదికోసారి ఇల్లు కదులుతాం కదా అనిపించింది" అంది మా మరదలు.

ఆ మాటలో తప్పేముంది చెప్పండి? ఈ మెంబర్‌షిప్‌లు అమ్మేవాళ్ళు అసలు అమ్మేది గదిని కాదు, ఆ ఆశనే. ఇల్లాలికి కూడా ఏడాదిలో ఒక వారం పొయ్యి వెలిగించకుండా గడపాలని ఉంటుంది. ఆ కోరిక న్యాయమైనది. అయితే ఆ కోరికకు వాళ్ళు చెప్పే ధర న్యాయమైనదేనా అన్నదే మనం చూడాల్సింది.

ఇంతకీ వాళ్ళు అమ్మేదేమిటి?

ముందు ఒక అపోహ తొలగించుకుందాం. మెంబర్‌షిప్ తీసుకుంటే రిసార్టులో గది మన సొంతం అవుతుందని కొందరు అనుకుంటారు. కాదు. మన దేశంలో అమ్మేవి చాలావరకు వాడుకునే హక్కు మాత్రమే, అదీ గడువు ఉన్నంతవరకే. మన భాషలో చెప్పాలంటే ఇది పొలం కొనడం కాదు, కౌలుకు తీసుకోవడం. పాతికేళ్ళ కౌలు ముందే కట్టేసి, మళ్ళీ ఏటా నీటి తీరువా కూడా కట్టడం. ఆ ఏటా కట్టే దాన్ని వార్షిక చందా అనండి, నిర్వహణ రుసుము అనండి. మనం ఆ ఏడు వెళ్ళినా వెళ్ళకపోయినా కట్టాల్సిందే. దాని మీద జీఎస్టీ కూడా పడుతుంది.

ఈ పద్ధతి 1960లలో యూరప్‌లో పుట్టింది. ఒక ఊళ్ళో ఉన్న వారాన్ని ఇంకో ఊళ్ళో వారంతో మార్చుకునేందుకు 1974లో అమెరికాలో ఆర్‌సీఐ అనే సంస్థ మొదలైంది. మన దేశంలో స్టెర్లింగ్ హాలిడే రిసార్ట్స్ 1986లో, క్లబ్ మహీంద్రా నడిపే మహీంద్రా హాలిడేస్ 1996లో వచ్చాయి. 1990లలో ఇంకా ఎన్నో చిన్నా చితకా కంపెనీలు పుట్టుకొచ్చాయి. వాటిలో కొన్ని నాలుగు రోజులు నడిచి మూతపడ్డాయి. నిలబడిన వాటిలో కూడా చేతులు మారినవి ఉన్నాయి. స్టెర్లింగ్ 2014లో థామస్ కుక్ ఇండియా చేతికి వెళ్ళింది. తప్పొప్పుల కోసం ఇది చెప్పడం లేదు. పాతికేళ్ళంటే ఎంత కాలమో గుర్తుచేయడానికి చెబుతున్నాను. ఇవాళ పదో తరగతి చదివే మీ అమ్మాయికి అప్పటికి నలభై ఏళ్ళు వస్తాయి. అన్నాళ్ళూ ఆ కంపెనీ, ఆ గది, ఆ మర్యాద ఇలాగే ఉంటాయన్న నమ్మకం మీద మనం డబ్బు పోస్తున్నాం.

ఇంకో సంగతి రంగులు. కొన్ని కంపెనీలు ఏడాదిని ఊదా, ఎరుపు, తెలుపు, నీలం అంటూ రంగుల కింద విడగొడతాయి. ఎండాకాలం సెలవులు, దసరా, దీపావళి, క్రిస్మస్ లాంటి గిరాకీ రోజులు అన్నిటికన్నా ఖరీదైన రంగులో ఉంటాయి. ఎవరూ పెద్దగా రాని వానాకాలం రోజులు చవక రంగులో ఉంటాయి. ఖరీదైన రంగు తీసుకున్నవాళ్ళు చవక రోజుల్లో కూడా వెళ్ళొచ్చు. చవక రంగు తీసుకున్నవాళ్ళకు ఎండాకాలంలో తలుపు తెరుచుకోదు. మీటింగులో చూపించే బొమ్మలు మాత్రం అన్ని రంగులవాళ్ళకూ ఒకటే!

మన క్యాలెండరు, వాళ్ళ క్యాలెండరు

"సరే, నీ దగ్గర గోడ క్యాలెండరు ఉందిగా, తీసుకురా" అన్నాను మా మరదలితో. ఇద్దరం మండువాలో కూర్చుని నెలలు తిప్పాం. మీరూ మీ ఇంటి క్యాలెండరు పక్కన పెట్టుకుని చదవండి.

జూన్, జులై వచ్చాయంటే కాలవకు నీళ్ళు వదులుతారు. నారుమళ్ళు, నాట్లు. పిల్లలకు కొత్త తరగతి, ఫీజులు, పుస్తకాలు. కదలడానికి లేదు. ఆగస్టులో శ్రావణమాసం, వ్రతాలు, పేరంటాలు. దసరా సెలవులు దొరుకుతాయి, కానీ ఆ పది రోజులూ ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చే రోజులు. నవంబరు, డిసెంబరు వరి కోతలు, కుప్పలు, నూర్పిళ్ళు. వరి కోయడానికి రెండు మూడు రోజుల ముందే చేలో మినుములు చల్లేయాలి. జనవరిలో సంక్రాంతి. పండగకు ఇల్లు వదిలి వెళ్ళే ఇల్లాలు ఎక్కడుంది? ఫిబ్రవరి, మార్చి మినుము పీకి, ఎండబెట్టి, దుమ్ము చెరిగి డబ్బాలకు ఎత్తాలి. ఆ పక్కనే పిల్లల పరీక్షలు. ఏప్రిల్ చివరి వారం నుంచి జూన్ రెండో వారం దాకా బడి సెలవులు. అమ్మయ్య అనుకునేలోపే ఆవకాయ, మాగాయ, కారం కొట్టించడం, వడియాలు, ఆపైన పెళ్ళిళ్ళు.

అంతా చూశాక మే నెలలో ఒక్క పది రోజులు మిగిలాయి. ఆ పది రోజులు ఎవరికి కావాలి? దేశంలో పిల్లలున్న ప్రతి ఇంటికీ అవే కావాలి. అంటే మనకు పనికొచ్చేది ఆ ఖరీదైన రంగే. అది కొన్నా, అడిగిన రోజుకు అడిగిన ఊళ్ళో గది ఖాళీ ఉంటుందన్న హామీ లేదు. నెలల ముందే బుక్ చేసుకోవాలి. నెలల ముందు మన ఇళ్ళల్లో ఏం తెలుస్తుంది? ఏ పెళ్ళి ముహూర్తం ఎప్పుడు పెడతారో, అత్తగారి ఆరోగ్యం ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు? ఇంకో చిక్కు. రైలు టికెట్లు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు మాత్రమే ఇస్తున్నారు. గది ఖాయం అయ్యాక రైల్లో నాలుగు బెర్తులు దొరకకపోతే?

పిల్లల చదువు కూడా లెక్కలోకి తీసుకోండి. పెద్దమ్మాయికి ఈ ఏడు పదో తరగతి. ఆ తర్వాత రెండేళ్ళు ఇంటరు, దాని చివర ఎంట్రన్సు. రెండేళ్ళు చిన్నవాడైన అబ్బాయి అప్పటికి పదికి వస్తాడు, మళ్ళీ ఇంటరు. వరసగా అయిదేళ్ళు ఇల్లు కదిలే వీలు దాదాపు లేదు. పాతికేళ్ళలో అయిదేళ్ళు అలాగే పోయాయి, చందా మాత్రం కడుతూనే ఉండాలి. వాడని వారాలు తర్వాతి ఏడాదికి కలుపుకోవచ్చని కొన్ని కంపెనీలు అంటాయి. కలుపుతారు సరే, గేదెనూ, పొలాన్నీ, ముసలావిణ్ణీ వదిలి ఒకే ఏడాది రెండు వారాలు ఎవరు వెళ్తారమ్మా?

గది కొలత కూడా అడగాలి. స్టూడియో అంటే ఒకే గది, దంపతులు, ఇద్దరు చిన్నపిల్లల వరకు. మన ఇళ్ళల్లో ప్రయాణం అంటే అత్తగారు తప్పనిసరి, ఒక్కోసారి మరిది పిల్లలు కూడా. అదనపు మంచానికి అదనపు డబ్బు.

మినుముల్లో లెక్క వేస్తే

ఇప్పుడు డబ్బు సంగతి. లెక్క సులువుగా ఉండడానికి ప్రవేశ రుసుము 4 లక్షలు, ఏటా చందా 20 వేలు అనుకుందాం. ఇవి ఏ కంపెనీ ధరలూ కావు. మీకు చెప్పిన అంకెలు ఇక్కడ పెట్టుకుని మీరే వేసుకోండి.

ఆ 4 లక్షలు బ్యాంకులో వేస్తే, నూటికి ఏడాదికి 7 రూపాయల వడ్డీ అనుకున్నా, 28 వేలు వస్తాయి. మెంబర్‌షిప్ తీసుకుంటే ఆ వడ్డీ పోయినట్లే. దానికి చందా 20 వేలు కలపండి. 48 వేలు. వారంలో ఆరు రాత్రులు ఉంటామనుకుందాం. రాత్రికి 8 వేలు పడింది. ఇందులో భోజనం లేదు, రైలు లేదు, టాక్సీ లేదు. అదే గదిని మామూలుగా 5 వేల అద్దెకు మాట్లాడుకుంటే ఆరు రాత్రులకు 30 వేలు. అదీ వెళ్ళిన ఏడాది మాత్రమే ఖర్చు, వెళ్ళని ఏడాది రూపాయి అక్కర్లేదు. ఏడాది విడిచి ఏడాది వెళ్తే మెంబర్‌షిప్ గది రాత్రికి 16 వేలు అవుతుంది. పాతికేళ్ళ తర్వాత బ్యాంకులో 4 లక్షలు అలాగే ఉంటాయి. మెంబర్‌షిప్ దగ్గర మాత్రం ఫోటోలు మిగులుతాయి.

"అద్దెలు రేపు రెట్టింపు అవుతాయి మేడమ్, మీరు ఇవాళ్టి ధరకే కొనేసుకుంటున్నారు" అంటారు అమ్మేవాళ్ళు. అద్దెలు పెరిగే మాట నిజమే, ఆ వాదనలో కొంత పస ఉంది. కానీ చందా కూడా పెరుగుతుంది కదా! ఎంత పెరుగుతుందో, పెంచడానికి హద్దు ఉందో లేదో కాగితంలో చూడమనండి మీవారిని.

ఇవే లెక్కలు మా మరదలికి రూపాయల్లో చెబితే తల ఊపింది గానీ, మినుముల్లో చెప్పాక నోటి మీద చెయ్యి వేసుకుంది. 2024-25లో ప్రభుత్వం మినుములకు ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు 7,400 రూపాయలు. ఆ లెక్కన 4 లక్షలంటే 54 క్వింటాళ్ళు. ఎకరానికి 7 క్వింటాళ్ళు పండాయనుకున్నా రెండెకరాలకు 14. అంటే దాదాపు నాలుగేళ్ళ మినుము పంట, పెట్టుబడి ఖర్చు తియ్యకుండానే! ఏటా చందాకు మరో 2 క్వింటాళ్ళ 70 కిలోలు. రెండేళ్ళు పోతే అమ్మాయి కాలేజీ ఫీజు ఎక్కడినుంచి వస్తుందనుకున్నారు? ఆ చేలోంచే.

ప్రయాణం కూడా చుండూరు నుంచి లెక్క కట్టండి. ఈ రిసార్టులు ఎక్కువగా మున్నారు, కూర్గు, ఊటీ, గోవా, మనాలి లాంటి చోట్ల ఉంటాయి. మున్నారు వెళ్ళాలంటే తెనాలి మీదుగా వెళ్ళే శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఆలువాలో దిగాలి. అక్కడినుంచి కొండ దారిలో నూరు కిలోమీటర్ల పైచిలుకు టాక్సీ. కూర్గు అంటే మైసూరు దాకా రైలు, ఆపైన మళ్ళీ అంతే దూరం రోడ్డు. అయిదుగురికి రానూ పోనూ టికెట్లు, రిసార్టులో మూడు పూటలా భోజనం. పిల్లలు ఐస్‌క్రీము అంటారు, అత్తగారికి ఆ ఇడ్లీ నచ్చదు. ఉచిత వారం ఎంత ఖరీదైనదో అప్పుడు తెలుస్తుంది.

తెనాలి అక్కగారి సంగతి

అలాగని అందరికీ దండగే అనడం న్యాయం కాదు. మా మరదలి అక్కగారు తెనాలిలో ఉంటారు. ఆవిడా, ఆయనా ఇద్దరూ బ్యాంకులో చేసి రిటైరయ్యారు. పిల్లలు ఉద్యోగాలకు వెళ్ళిపోయారు. ఎప్పుడో తీసుకున్న మెంబర్‌షిప్ ఉంది, ఏటా వెళ్తారు.

"మేం జులైలోనో, సెప్టెంబరులోనో వెళ్తామండీ. అప్పుడు గదులు ఖాళీగా ఉంటాయి. కూర్గులో వాన చూస్తూ కాఫీ తాగుతాం. ఆరు నెలల ముందే బుక్ చేసేస్తాం. ఒక్క ఏడు కూడా వదలలేదు" అన్నారావిడ. చూశారా? ఆవిడకు పొలం లేదు, పరీక్షలు లేవు, గేదె లేదు. చవక రోజులే ఆవిడకు కావలసిన రోజులు. ఆవిడకది లాభమే.

అక్కాచెల్లెళ్ళ మధ్య దూరం పది పన్నెండు కిలోమీటర్లు. కాగితం ఒకటే. ఒకరికి మేలు, ఇంకొకరికి బరువు. తేడా రిసార్టులో లేదు, ఇంటి క్యాలెండరులో ఉంది. ఏటా తప్పకుండా ఒక వారం కదలగలిగినవాళ్ళు, నెలల ముందే తేదీ చెప్పగలిగినవాళ్ళు, గిరాకీ లేని రోజుల్లో వెళ్ళగలిగినవాళ్ళు, అప్పు చెయ్యకుండా మొత్తం కట్టగలిగినవాళ్ళు. ఈ నాలుగూ మీకు కుదిరితే నిశ్చింతగా ఆలోచించండి. ఒకటి కుదరకపోయినా ఆగండి.

మీకొక చిన్న పరీక్ష. గత అయిదేళ్ళలో చుట్టాల ఇళ్ళూ, పెళ్ళిళ్ళూ కాకుండా, కేవలం విహారానికి మీరు వరసగా నాలుగు రాత్రులు బయట గడిపినవి ఎన్నిసార్లో వేళ్ళ మీద లెక్కపెట్టండి. అయిదుకు మూడు వచ్చిందా, మెంబర్‌షిప్ మీకు పనికి రావచ్చు. సున్నా వచ్చిందా, కార్డు కొన్నంత మాత్రాన ఇల్లు కదలదు. మా మరదలికి సున్నా వచ్చింది.

గుమ్మం దగ్గరే ఉన్న సెలవులు

మరి ఇల్లాలి కోరిక ఏం కావాలి? అది తీరాల్సిందే! మెంబర్‌షిప్ వద్దనుకున్న రోజే, ఆ చందా డబ్బులో సగం, అంటే 10 వేలు, విడిగా ఒక డబ్బాలో వెయ్యమన్నాను. దాని మీద 'విహారం' అని రాసి పెట్టమన్నాను. ఇంకో ఖర్చుకు ముట్టుకోకూడదు. దాంతో ఏం చూడొచ్చో వినండి.

చుండూరులో ప్యాసింజరు ఎక్కితే బాపట్ల. అక్కడినుంచి సూర్యలంక సముద్రతీరం 9 కిలోమీటర్లు. తెల్లారేసరికి అక్కడ ఉండేలా వెళ్ళండి. ఉండాలనుకుంటే పర్యాటక శాఖవాళ్ళ హరిత రిసార్టు ఉంది. కార్తీకమాసంలో జనం విపరీతం, తక్కిన రోజుల్లో హాయి. పిల్లల్ని మాత్రం లోతుకు పోనివ్వకండి, అలల లాగుడు బలంగా ఉంటుంది.

ఇంకో రోజు వేటపాలెం. 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం అక్కడే ఉంది. 1929లో గాంధీగారు వచ్చి దాని భవనానికి శంకుస్థాపన చేశారు. ఆయన చేతికర్రను ఇప్పటికీ భద్రంగా దాచారు. వచ్చేటప్పుడు వేటపాలెం జీడిపప్పు తెచ్చుకోవడం మరిచిపోకండి.

గుంటూరు వైపు వెళ్తే చేబ్రోలు. వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు కట్టించిన చతుర్ముఖ బ్రహ్మ గుడి ఉంది. బ్రహ్మదేవుడికి గుడి ఉండడమే అరుదు కదా! శాతవాహన రాజు విజయుడి కాలంలో, క్రీస్తుశకం 207లో వేయించిన సంస్కృత శాసనం కూడా ఇక్కడే దొరికింది. దక్షిణాదిన దొరికిన సంస్కృత శాసనాల్లో అన్నిటికన్నా పాతది ఇదేనని 2019లో పురావస్తు శాఖవాళ్ళు ప్రకటించారు. తిరుగు దారిలో పొన్నూరులో ఆగి భారీ ఆంజనేయస్వామి, గరుత్మంతుడి విగ్రహాలు చూడండి.

రేపల్లె రైలెక్కితే దారిలో భట్టిప్రోలు. 1892లో అలెగ్జాండర్ రే అనే దొర అక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వించినప్పుడు శాసనాలున్న రాతి భరిణెలు బయటపడ్డాయి. రేపల్లె అవతల పెనుమూడి వంతెన మీదుగా కృష్ణ దాటితే మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి, ఇంకా కిందకు పోతే కృష్ణమ్మ సముద్రంలో కలిసే హంసలదీవి. మన కాలవలోకి వచ్చే నీళ్ళ తల్లి ఎక్కడ ముగుస్తుందో పిల్లలకు చూపించండి. వాళ్ళు మరిచిపోరు.

ఈ ప్రయాణాలకు చింతపండు పులిహోర చేసుకోండి. పోపులో నూనె కాస్త ధారాళంగా వేసి, అన్నం బాగా ఆరాక కలిపితే రాత్రి దాకా చెడదు. సొంత మినుములే గనుక సున్నుండలు ఒక డబ్బాడు. పిల్లలు బయట ఏదీ అడగరు.

రెండేళ్ళు డబ్బా నిండాక ఒక పెద్ద ప్రయాణం. విశాఖపట్నం నుంచి కిరండూల్ రైలెక్కి, సొరంగాల మీద సొరంగాలు దాటుకుంటూ అరకు. బొర్రా గుహలు, కాఫీ తోటలు, నాలుగు రాత్రులు. ఎప్పుడు వీలైతే అప్పుడు, ఎంతమంది ఉంటే అంతమంది. ఏ రంగు అని అడిగేవాళ్ళు లేరు.

సంతకం పెట్టే ముందు ఇవి అడగండి

అన్నీ ఆలోచించి మెంబర్‌షిప్ తీసుకోవాలనే అనుకుంటే, ఈ ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళండి. జవాబులు నోటిమాటగా కాదు, ఒప్పందంలో చూపించమనండి.

1. నాది ఏ రంగు? బడి సెలవుల్లో నాకు గది ఇస్తారా?
2. చందా ఇప్పుడు ఎంత? ఏటా ఎంతవరకు పెంచవచ్చు? కట్టకపోతే ఏమవుతుంది?
3. వాడని వారాలు ఎన్నేళ్ళు నిలవ ఉంటాయి?
4. గదిలో ఎంతమంది ఉండొచ్చు? వంట చేసుకోనిస్తారా? అన్నం వార్చుకునే వీలైనా ఉంటే ఖర్చు సగానికి తగ్గుతుంది.
5. మనసు మారితే ఎన్ని రోజుల్లోపు డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తారు? ఆ గడువు ఏ తేదీ నుంచి మొదలవుతుంది?
6. వాయిదాల్లో కడితే మొత్తం ఎంత అవుతుంది? ఆ వాయిదా కంపెనీకా, బ్యాంకు అప్పుకా?
7. అమ్ముకోవచ్చా? పేరు మార్చడానికి రుసుము ఎంత? మా తర్వాత పిల్లల మీద చందా బాధ్యత పడుతుందా?
8. ఇస్తానన్న బహుమతి, ఉచిత ప్రయాణం షరతులు ఎక్కడ రాశారు?

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ రోజు సంతకం పెట్టకండి. క్రెడిట్ కార్డు ఇంట్లో వదిలి వెళ్ళండి. "మా అత్తగారిని అడిగి చెబుతాం" అనండి, మన అత్తగార్లు ఇలాంటప్పుడే అక్కరకొస్తారు! నిజంగా మంచి బేరమైతే వచ్చే ఆదివారం కూడా ఉంటుంది.

మన దేశంలో టైమ్‌షేర్‌కంటూ ప్రత్యేకమైన చట్టం లేదు. అయినా వినియోగదారుల రక్షణ చట్టం 2019 మనకు అండగా ఉంది. చెప్పింది ఒకటి, ఇచ్చింది ఒకటి అయితే ముందుగా 1915 నెంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో చెప్పండి. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కంపెనీ ఆఫీసు ఎక్కడో దూరాన ఉన్నా, మీరు ఉండే జిల్లాలోనే ఫిర్యాదు వేయవచ్చు. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. సమస్య వచ్చిన రెండేళ్ళలోపు వేయాలి. రసీదులు, ఒప్పందం, వాళ్ళు పంపిన మెసేజీలు ఒక ఫైలులో దాచుకోండి.

మా మరదలు ఆ కాగితాలు తిరిగి ఇచ్చేసింది. మొన్న మినుములు అమ్మిన డబ్బులో పదివేలు ఆ డబ్బాలో వేసిందట. మొదటి ప్రయాణం హంసలదీవికి, అత్తగారితో సహా.

మీ ఇంట్లో ఏ నిర్ణయం తీసుకున్నా సరే, ఇల్లాలికి ఏడాదిలో కొన్ని రోజులు తనవి ఉండాలన్న మాట మాత్రం మీవారి చేత ఒప్పించండి. ఆ రోజులు ఎవరి దగ్గరా కొనుక్కోవాల్సినవి కావు, ఇంట్లోవాళ్ళు కలిసి కుదుర్చుకోవాల్సినవి. ఈ ఆదివారం భోజనాలయ్యాక క్యాలెండరు దించి, ముందు ఒక్క తేదీ చుట్టూ సున్నా చుట్టండి. ఊరు తర్వాత వెతుక్కోవచ్చు.